తోడికోడళ్ళ రెండొందల కిలోమీటర్లు

పెద్దకోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఒక్కరోజులో రెండొందల కిలోమీటర్లు తొక్కాలని ఏడాదిగా తెల్లారకముందే సైకిలెక్కుతోంది. ఇంట్లో ఒక్కరూ పట్టించుకోలేదు. రెండు నెలల కిందట, నర్సుగా చేసే చిన్నకోడలు "అక్కా, నేనూ వస్తా" అని ఓ పాత సైకిలు కొనుక్కొచ్చింది. అత్తగారు స్వయంగా దాని సీటు తుడిచింది. పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం పొద్దున ఆరింటికి రెండొందల కిలోమీటర్ల సైకిల్ యాత్రకి యాభైమంది బయల్దేరారు. సాయంత్రం ఏడున్నరలోపు చేరాలి. మొదటి మిట్ట ఎక్కేటప్పుడే చిన్నకోడలు పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ పెద్దకోడల్ని దాటిపోయింది.

సగం దారిలో నీళ్ళిచ్చే ఆయన, "మీ చెల్లెలు ఇందాకే వెళ్ళిందమ్మా, గాలిలా!" అన్నాడు.

"చెల్లెలు కాదు, తోడికోడలు." సగం తిన్న అరటిపండు పారేసి సైకిలెక్కింది పెద్దకోడలు.

నూట నలభై దాటాక రోడ్డు పక్కన చిన్నకోడలు కనిపించింది. వెనక చక్రం పంక్చర్. కొత్త ట్యూబైతే ఉంది గానీ గాలి కొట్టే పంపు లేదు. కొనుక్కోమంటే "నీ దగ్గరుందిగా అక్కా" అంది మొన్న.

'బాగా అయింది' అనుకుంది పెద్దకోడలు. తల వంచుకుని దాటిపోయింది. కాళ్ళకి ఎక్కడలేని బలం వచ్చింది. ఐదు కిలోమీటర్లు పోయాక ఆ బలం కాస్తా నీరుగారిపోయింది. అయినా వెనక్కి తిరగలేదు.

ఆరూ నలభైకి చేరింది. మెడలో పతకం వేశారు. ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు అడిగిన మొదటి మాట, "చిన్నది ఏదీ?"

ఏడూ ఇరవైకి వచ్చింది చిన్నది, మోచేతుల దాకా మసి. వెనకొచ్చినవాళ్ళెవరో ముప్పావుగంటకి పంపు ఇచ్చారట. జనమంతా లేచి ఈలలేశారు. పెద్దకోడలు వచ్చినప్పుడు ఇద్దరే చప్పట్లు కొట్టారు.

చిన్నదానికి నీళ్ళ సీసా అందిస్తూ, "నిన్ను చూశాను. కావాలనే ఆగలేదు," అంది పెద్దకోడలు.

"తెలుసక్కా." చిన్నకోడలు గటగటా తాగింది. "దారంతా నిన్ను తిట్టుకుంటూనే తొక్కా. అందుకే చేరానేమో!" పకపకా నవ్వింది.

అంత తేలిగ్గా నవ్వెయ్యడం కూడా దీనికే వచ్చు! పెద్దకోడలికి మళ్ళీ కుళ్ళు పుట్టింది.

"అత్తయ్యకి చెప్తావా?"

"చెప్పకుండా ఉంటానా? నీ మొహం ఎలా పెట్టావో చేసి మరీ చూపిస్తా."

ఇంటి గుమ్మంలో అడుగుపెడుతూనే పెద్దకోడలు జరిగిందంతా తనే చెప్పేసింది. పశ్చాత్తాపం కొంత ఉంది. ఆ కథ చెప్పి నవ్వించే భాగ్యం కూడా చిన్నదానికే దక్కకూడదన్నదే ఎక్కువ.