ఎడమ చంక కుట్టు

ఈ జొహరాబీ కుట్టిన రవికకు వంక పెట్టిన ఆడమనిషి ఆదోనిలో లేదు, ఒక్క విశాలాక్షి తప్ప. పత్తి మండీ గురురాజ భార్య ఆమె. ఎనభై మూడు ఉగాదికి ముందు వచ్చి, కొత్త నీలం రవిక ఎడమ చంక దగ్గర పట్టేస్తోందని నా మిషను మీద పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఆమె ఇచ్చిన ఆది రవిక పెట్టి కత్తిరించాను, నూలుపోగు తేడా రాలేదు. పాత రవిక ఒకటి ఆదిగా ఇస్తే చాలు, మనిషి ఒంటికి టేపు పెట్టను. అదే నా గొప్ప. కుడిచెయ్యి బాగుండి ఎడమచెయ్యి ఎట్లా బిగుస్తుందని గొణుక్కుంటూనే కుట్టు విప్పి కాస్త వదులు చేసిచ్చాను.

శ్రావణంలో మళ్ళీ అదే రవిక, అదే చంక. ఈసారి నడుము దగ్గర వదులైందని కూడా అంది. నాజూగ్గా తయారయ్యావని ఆటపట్టించాను. సాయంత్రాలు జ్వరం తగులుతోందని, రాత్రిళ్ళు చెమటకు దిండు తడిసిపోతోందని చెప్పింది. ఆదోనిలో చెమట పట్టనిది ఎవరికని కొట్టిపారేశాను. నడుము బిగించాను, చంక వదిలాను.

దసరాకు మూడోసారి వచ్చింది. వదలడానికి లోపల ఇక గుడ్డ లేదు, అతుకు వెయ్యాలి. ఎంత అతుకో తెలియాలంటే ఒంటిమీద కొలవక తప్పదు. తలుపు వేసి చెయ్యెత్తమన్నాను. టేపు పోనిచ్చిన వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. నిమ్మకాయంత గడ్డ, పక్కన చిన్నవి ఇంకో రెండు. రబ్బరులా ఉన్నాయి. మెడ తడిమితే అక్కడా ఒకటి.

నొప్పి లేదా అని అడిగాను.

"ల్యాదు జొహరాక్కా. నొప్పే ల్యాకుంటే ఏమైతాదిలే."

పెళ్ళాన్ని పట్టించుకోలేదని గురురాజను మండీలోనే కడిగేసి, మరునాడే ఆమెను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు బస్సెక్కాను. అక్కడ డాక్టరమ్మ ఒక గడ్డ కోసి పరీక్షకు పంపింది. పదిరోజుల తర్వాత మళ్ళీ పోయాం. క్షయ అయి ఉంటుందని నేను దారంతా ధైర్యం చెప్పాను. కాదంది డాక్టరమ్మ. కాలికి ముల్లు గుచ్చుకుంటే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా, అలాంటి బిళ్ళలు మెడలో, చంకల్లో, పొట్టలో కూడా ఉంటాయట. రోగం రాకుండా ఒంటికి అవి కాపలా అట. ఆ కాపలాకే క్యాన్సరు పట్టిందని, దాని పేరు లింఫోమా అని చెప్పింది. చాలామందికి ఈ గడ్డలు నొప్పి పెట్టవని, అందుకే జనం పట్టించుకోరని అంది. ఈమెకు వచ్చిన రకానికి బెంగుళూరులో సూదులున్నాయని, బాగైనవాళ్ళు చాలామంది ఉన్నారని కూడా అంది. నాకు క్యాన్సరన్న మాట తర్వాత సగమే వినపడింది.

ఎన్నాళ్ళుగా ఉందని డాక్టరమ్మ అడిగింది. పరీక్షకని విప్పి పెట్టిన నీలం రవిక తీసి, చంక తిరగేసి చూపించాను. విప్పేసిన కుట్ల రంధ్రాలు రెండు వరసలుగా ఉన్నాయి. ఇది ఉగాదిది, ఇది శ్రావణానిది అన్నాను. ఏడు నెలలు అని డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. అప్పుడు విశాలాక్షి నోరు విప్పింది.

"గడ్డను నేను యుగాదికి ముందే సూసుకున్నానక్కా. బయపడి ఎవురికీ సెప్పలే. నువ్వు కుట్టు ఇప్పినప్పుడల్లా బిగువు పోతాండె. గడ్డ కరిగిపోతాందనుకుంటి."

నా చేతులు నరుక్కోవాలనిపించింది. ఆమె భయపడి దాచింది, నేను పొగరుతో దాచిపెట్టాను.

ఆ చంకకు అతుకు వేసిచ్చాను. ఆమె బెంగుళూరు పోయింది. శివరాత్రి దాటాక తలకు కొంగు చుట్టుకుని, ఆ నీలం రవికే పట్టుకుని వచ్చింది. సూదులు ఇంకా మిగిలే ఉన్నాయట. ఎడమ చంక వదులైంది, అతుకు తీసి బిగించమంది.

నేను రవిక అందుకోలేదు. తలుపు వేశాను.

"రైక ఆడ పెట్టు. ముందు సెయ్యెత్తు."

ఎత్తింది. వెతికాను. వేళ్ళకు ఎముకలు తప్ప ఏమీ తగల్లేదు. మెడ కూడా చూశాను. నమ్మబుద్ధి కాక మళ్ళీ మొదటి నుంచి వెతికాను.