గుర్తు లేని చెవులు

మా ప్రయోగశాలలో ఎలుకల మెడలు విరిచేది నేనే. తల వెనక బొటనవేలు, రెండో చేత్తో తోక, ఒక్క లాగు. అందుకే అందరూ నన్ను యముడి చెల్లెలంటారు.

తుమ్ములకూ దురదలకూ వేసుకునే మాత్రలు మూడు రకాలు తెచ్చి, గడ్డలు తగ్గుతాయేమోనని, మెదడులో గడ్డలున్న అరవై ఎలుకలకు పెడుతున్నాం. ఏ పెట్టెలోవాటికి ఏ మాత్రో రాసి, పెద్ద మేడమ్ కవర్లో పెట్టి సీలు వేసింది. శుక్రవారం మెదళ్ళు తీసి గడ్డలు కొలిచాకే ఆ కవరు తెరుస్తారు.

మా అన్నయ్య తలలోనూ అలాంటి గడ్డే. వడ్రంగి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. గడ్డ ముదిరాక మనిషే మారిపోయి, నెల క్రితం వదిన ముక్కు పగలగొట్టాడు. ఇంకో నాలుగు నెలలే బతుకుతాడని డాక్టరు చెప్పేశాడు. ఎలుకల్లో ఏ మాత్రైనా పనిచేస్తే అదే రాసిచ్చి చూస్తానన్నాడు. ఫలితం శుక్రవారమని నేనే నోరు జారాను.

మంగళవారం పొద్దున అన్నయ్య సుత్తితో ఎలుకల గదిలోకి వచ్చాడు. అక్కడి అరలు బిగించింది అతనే కాబట్టి కాపలావాళ్ళు ఆపలేదు. శుక్రవారం దాకా ఆగనని, పనిచేసే మాత్ర ఏదో ఇప్పుడే చెప్పమన్నాడు. తెలియదన్నాను. జుట్టు పట్టి నా తలను గోడకేసి కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. తర్వాత గొంతు పిసికాడు. నా చెయ్యి దానంతటదే అతని మెడ వెనక్కి పోయి, బొటనవేలితో ఎముక సందు వెతికింది. ఆ క్షణం అతన్ని చంపాలనే అనిపించింది. వేలు తీసేశాను.

అన్నయ్య నన్ను వదిలి పెట్టెల మీద పడ్డాడు. దెబ్బకొకటి పగిలింది. అరవై ఎలుకలూ నేల మీద కలగాపులగమయ్యాయి. కొన్ని అతని బూట్ల కింద నలిగి రక్తం కక్కాయి. కాపలావాళ్ళు వచ్చి అతన్ని గోడకు అదిమి కూర్చోబెట్టారు.

మేడమ్ వచ్చి ఒక్కటే అడిగింది. "చెవులకు చిల్లులు పెట్టావుగా? వాటిని చూసి విడదీద్దాం."

పెట్టలేదు. గడ్డ కణాలు ఎక్కించడానికి పుర్రెలో సూది దించిన రోజే, గుర్తు కోసం చెవి కూడా పొడవడానికి చేతులు రాక, పెట్టె మీద చీటీ చాల్లే అనుకున్నాను. నా జాలి తగలెయ్య.

ఏది ఏ పెట్టెదో ఇక తేలదు కాబట్టి అన్నిటినీ చంపెయ్యమని చెప్పి మేడమ్ వెళ్ళిపోయింది. ఒక్కొక్కదాన్నీ పట్టి విరుస్తున్నాను. అన్నయ్య కోపం దిగిపోయింది. సుత్తి వంక ఎవరిదో అన్నట్టు చూశాడు.

"మళ్ళీ మొదలుపెడితే ఎన్నాళ్ళు పడుతుందే?" అన్నాడు.

"ఆరు నెలలు."

అన్నయ్య వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు. నాలుగో వేలు దగ్గర ఆగిపోయాడు. నేను ఇంకో ఎలుకను అందుకున్నాను.