మూడో మనిషి చప్పట్లు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సు డిపో గేటుకు తాళం పడ్డాక, సిద్దిపేటలో బస్సు నడవాలని కోరుకునే మనిషి లేడు. ఊరంతా ఒక్క మాట మీద ఉంది. ఒక్క బస్సన్నా హైదరాబాదుకు పోతే బాగుండునని లోలోపల మొక్కుకుంటున్నది ఒకే ఒక్క పిల్ల. ఆ పిల్ల అదే డిపోలో కండక్టరు మధుసూదన్ కూతురు అనసూర్య.

"బాపూ, ఒక్క బస్సన్న పోదా పట్నానికి?" అని శనివారం పొద్దున చాయ్ దగ్గర అడిగేసింది.

మధుసూదన్ గ్లాసు కింద పెట్టాడు. "ఏందే? నువ్వు నా బిడ్డవా, మంత్రి బిడ్డవా?"

"దానికి పట్నంల ఏం పనట?" అని తల్లి విజయమ్మ పొయ్యి దగ్గర నుంచి నవ్వింది.

"నాకు కాదు. సనా వాళ్ళ చుట్టమామె ఉంది గద, అర్షీన్. పెండ్లికని వచ్చి ఇరుక్కపోయింది. వాళ్ళమ్మ యాదికొస్తున్నదట, పాపం."

పాపం అన్న మాట ఆమెకే చేదుగా తగిలింది. తండ్రి మాత్రం బిడ్డ వంక కొంచెంసేపు మెత్తగా చూసి, కండువా వేసుకుని డిపో ముందరి సమ్మె శిబిరానికి పోయాడు.

అనసూర్య సొంతూరు నంగునూరు బడిలో పదో తరగతి దాకా చదివి, పాలిటెక్నిక్ కోసం అమ్మానాన్నలతో సిద్దిపేట వచ్చింది. క్లాసులో ఎవరైనా పేరడిగితే పుస్తకం వంక చూస్తూ చెప్పేది. ఆమెను వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నది సనా ఒక్కతే. సనా తండ్రి ఫక్రుద్దీన్‌కు పాత బస్టాండు దగ్గర నెట్ సెంటర్ ఉంది. సమ్మెకు కాలేజీ మూతపడ్డాక ఇద్దరూ పగలంతా అక్కడే ఉండేవాళ్ళు.

గేమ్ జామ్ సంగతి సనాయే ఇంటర్నెట్‌లో చూసింది. ఏ దేశం వాళ్ళయినా సరే, శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం సాయంత్రం లోపల ఒక కంప్యూటర్ ఆట తయారు చేసి పంపాలి. బహుమతులేమీ లేవు. పంపిన ఆటలను అందరూ ఆడి చూస్తారు, అంతే. ఈసారి షరతు, ఆటలో ఒకే రకం శబ్దం ఉండాలి.

"ఒక్కటే చప్పుడంటే ఏం పెడ్దమే?" అంది సనా.

డిపో ముందర ఆడవాళ్ళు సమ్మె కోసం బతుకమ్మ ఆడుతున్నారు. ఆ సద్దు సెంటర్ దాకా వినిపిస్తోంది.

"చప్పట్లు," అంది అనసూర్య.

సనా లేచి ఆమె రెండు చెంపలూ పట్టుకుంది. "చప్పుడు నీది, కోడ్ నాది. మూడో మనిషి మనకొద్దు!"

ఆ చెంపల వేడి ఆరకముందే మూడో మనిషి సెంటర్‌లోకి వచ్చింది. అర్షీన్ హైదరాబాదు మలక్‌పేట పిల్ల, బీటెక్ చదువుతోంది. సనాకు ఆపా, అంటే అక్క వరస. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండటంతో కరెంటు ఎప్పుడు పడితే అప్పుడు పోయేది. సెంటర్‌లో కంప్యూటర్లన్నీ నల్లబడితే, అర్షీన్ లాప్‌టాప్ ఒక్కటే వెలుగుతూ ఉండేది. సనా కుర్చీ ఆ వెలుగు వైపుకు జరిగింది. మళ్ళీ వెనక్కి జరగలేదు.

శనివారం అనసూర్య తాను గీసిన బొమ్మలు తెచ్చింది. తంగేడు, గునుగు, బంతి, కట్ల పువ్వు, ఒక్కో వరుస ఒక్కో పేజీ. అర్షీన్ వాటిని నలగకుండా తిప్పి చూసింది.

"బహుత్ ప్యారా. మస్తుగున్నయ్ అనసూ. గని ఇన్ని పూలుంటే కన్ను చూస్తది, చెవి వినదు. నల్ల తెర మీద గుండ్రంగ తెల్ల చుక్కలు పెడ్దం. చప్పట్లు టైముకు పడితే చుక్క పసుపైతది. అంతే. పూలెందుకు?"

"అరె వాహ్ ఆపా!" అని సనా ఎగిరి గంతేసింది.

అనసూ అని పిలిచే హక్కు అప్పటిదాకా సనాకే ఉండేది. అదొక మంట. ఆ ఆలోచన నిజంగానే బాగుండటం అంతకన్నా పెద్ద మంట. చెడ్డదైతే ఎంత హాయిగా ఉండేది! అనసూర్య పేజీలు మడిచి సంచిలో పెట్టుకుంది.

మిగిలింది చప్పట్లు. అది మాత్రం తనదే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మైకు ముందు చేతులు పెట్టి, పాట మనసులో పాడుకుంటూ కొట్టడం మొదలుపెట్టింది. సగానికి వచ్చేసరికి అర్షీన్ సనా చెవిలో ఉర్దూలో ఏదో అంది. ఇద్దరూ నోటికి చేతులడ్డం పెట్టుకుని, సద్దు రాకుండా, భుజాలు కదిలిపోయేలా నవ్వారు. తన చప్పట్లను చూసే నవ్వారనుకుంది అనసూర్య. అరచేతులు భగ్గుమన్నాయి. ఆపలేదు, కొట్టుకుంటూ పోయింది.

ఆటకు ఆ చప్పట్లే గడియారం. అనసూర్య ఎక్కడ కొట్టిందో అక్కడే ఆడేవాళ్ళు స్పేస్ బార్ నొక్కాలి. తప్పితే చుక్కలన్నీ ఆరిపోతాయి. ముందుగా ఫక్రుద్దీన్ కూర్చున్నాడు. సగం చుక్కలు పసుపెక్కాక అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

"అరె! ఇక్కడ నేల జారిందేంది బేటీ?"

అర్షీన్ ఆడినా అక్కడే పోయింది. సనా ఆడినా అక్కడే. చివరికి తన చప్పట్లను తానే అందుకోలేకపోయింది అనసూర్య.

అర్షీన్ తెర మీద గీతలు చూపించింది. "గీడ చప్పట్లు దగ్గర దగ్గర పడ్డయ్ చూడు. తొందరపడ్డవ్. పర్వాలేదు, నేను మిషన్ తోని సమానంగ పెడ్త."

సనా ఒక క్షణం అనసూర్యను చూసింది, తర్వాత తెరను చూసింది. "సరే ఆపా, పెట్టి చూద్దం."

ఆ 'సరే' ఒక్కటే అనసూర్య చెవిలో పడింది. "పెట్టుకోన్రి. ఇగ నా చేతులెందుకు?" అని చెప్పులేసుకుని బయటికి నడిచింది. సనా వెనక నుంచి పిలిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

డిపో ముందు ఎండ తగ్గింది. ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నారు, వాళ్ళలో విజయమ్మ కూడా ఉంది. మోకాళ్ళ నొప్పులతో మేనత్త బాలలక్ష్మి శిబిరం అంచున కుర్చీలో కూర్చుని, తన వంతుగా గట్టిగా చప్పట్లు కొడుతోంది. ఒక్కటీ కుదరడం లేదు.

"వదినా, నీకు దండం పెడ్త! నువ్వు ఆపు, మా కాళ్ళు తప్పుతున్నయి!" అని విజయమ్మ అరిచింది.

"కాళ్ళు కదలకుంటే చేతులు యాడ కుదురుతయే? అడుగేసి వంగి లేస్తెనే గద చప్పట్లు! కుర్చీల కూసోని కొట్టుడు మీ అన్న గూడ కొడ్తడు!"

అందరూ నవ్వారు. అనసూర్య నవ్వలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆడిన ఆటను తాను కుర్చీలో కూర్చుని, ఒక్కతే ఆడింది. చప్పట్ల మధ్య ఎంత ఆగాలో చెప్పేది అడుగు. ఆ అడుగే లేనప్పుడు, ఎవరో నవ్వగానే చేతులు పరుగెత్తక ఏం చేస్తాయి? తిరుగుతూ కొట్టాలి. తిరగాలంటే తానూ సనా చాలరు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే అది గుండ్రం కాదు.

అప్పుడే తండ్రి వచ్చి తల మీద చెయ్యి వేశాడు. "మన దత్తాత్రి పాల వ్యాను రేపు పగటాళ్ళ పట్నం పోతదట. పాల బండిని ఎవ్వరు ఆపరు. ఆ అర్షీన్ పిల్లను ఎక్కియ్యి. ఎవరి బాధనో నీ బాధ అనుకున్నవ్ చూడు, మంచి మనసే నీది."

అనసూర్య తల దించుకుంది. మొక్కుకున్నది చేతికి వచ్చింది. వచ్చిన తీరు మాత్రం మొహం మీద కొట్టినట్టుంది.

ఆదివారం పొద్దున సెంటర్‌లో మళ్ళీ కరెంటు లేదు. అర్షీన్ లాప్‌టాప్‌లో మిషన్ చప్పట్లతో ఆట తయారుగా ఉంది. ఫక్రుద్దీన్ మొదటిసారే గెలిచి, లేచిపోయి చాయ్ పోసుకుంటున్నాడు.

"బాలేదు," అంది అర్షీన్, ఎవరూ అడగకుండానే. "అందరు గెలుస్తున్నరు, ఎవ్వరు మళ్ళ కూసుంటలేరు. నాకే నచ్చలే."

ఆ మాటయినా సనా అని ఉంటే బాగుండేది. అనసూర్య నేల వంక చూస్తూ చెప్పింది. "కుర్చీల కూసోని కొట్టిన. తిరుక్కుంట కొట్టాలె. ముగ్గురం కావాలె." తర్వాత అడిగింది, "నిన్న నేను కొడ్తుంటే ఏం నవ్విన్రు?"

"ఎప్పుడు?" అంది సనా. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "ఏమోనే, యాదికి లేదు. ఏం ఆపా?"

"నాక్కూడ లేదు."

తన తిండిని చేదు చేసిన నవ్వు వాళ్ళకు గుర్తు కూడా లేదు!

మధ్యాహ్నం వ్యాను సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే అర్షీన్ సంచి సర్దుకుంటుంది. చెప్పకపోతే రికార్డింగు అయిపోతుంది, వ్యాను కూడా పోతుంది. ఆ పిల్ల ఇంకెన్ని రోజులు సనా పక్కన కూర్చుంటుందో! అనసూర్య గబగబా అనేసింది. "పగటాళ్ళ పాల వ్యాను పట్నం పోతది. మా బాపు మాట్లాడిండు. అంతకు ముందే కొట్టాలె."

అర్షీన్ ఆమెను గట్టిగా వాటేసుకుంది. "నా కోసం అడిగినవా?"

"ఆఁ," అంది అనసూర్య. చెవులు ఎర్రబడ్డాయి.

కుర్చీలన్నీ గోడకు నెట్టారు. తిరగని ఫ్యానుకు మైకు వేలాడదీసి, లాప్‌టాప్‌కు కలిపారు. ముగ్గురూ దాని కింద గుండ్రంగా నిలబడ్డారు. అర్షీన్ కాలు రెండుసార్లు తప్పి సనాను గుద్దుకుంది. అనసూర్య ఆమె మణికట్టు పట్టుకుని, "గిట్ల వంగు. లేసెటప్పుడు కొట్టు. తొందరెందుకు?" అంది. తొందర గురించి చెబుతున్నది తానే అని గుర్తొచ్చి నోరు మూసుకుంది. తర్వాత కుదిరింది. అర్షీన్ చప్పట్లు మాత్రం ప్రతిసారీ రవ్వంత ఆలస్యంగా పడుతూనే ఉన్నాయి.

అర్షీన్ ఆటనూ కొత్త చప్పట్లనూ పెన్ డ్రైవ్‌లో ఎక్కించి సనాకు ఇస్తుండగానే వ్యాను హారన్ మోగింది. అది మలుపు తిరిగేదాకా సనా రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపింది. తాను నంగునూరు పోయినప్పుడు ఎన్నడైనా ఇంతసేపు నిలబడిందా అని అనసూర్య లెక్క చూసుకుంది.

కరెంటు వచ్చింది. సనా కొత్త చప్పట్లను ఆటలో పెట్టి, మూడో చప్పుడు పడ్డాక నొక్కితేనే చుక్క వెలిగేట్టు చేసింది. ఒకసారి విని తల గోక్కుంది. "ఆపాది ప్రతిసారి ఆగి పడ్తుంది. టైముంది గద, మీ అమ్మను పిలిచి మళ్ళ కొడ్దమా? ఆపాది తీసేసినట్టే అయితది. చప్పుడు నీది, నువ్వు చెప్పు."

పిలుద్దాం అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆట నుంచి కూడా అర్షీన్ పోతుంది. మిగిలేది తానూ సనా. అంతా మొదట్లోలాగే.

"ఒక్కసారి ఆడుత," అని కూర్చుంది. నల్ల తెర మీద తెల్ల చుక్కలు. తన చప్పుడు పడగానే నొక్కింది, ఆరిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. తనది పడ్డాక, సనాది పడ్డాక కూడా వేలిని ఆపి పట్టుకోవాలి. ఎవరి కోసం ఆగడం తనకు ఇష్టం లేదో, సరిగ్గా ఆమె కోసమే ఆగాలి. పళ్ళు బిగబట్టి ఆగింది. చుక్క పసుపెక్కింది. ఇంకొకటి. ఇంకొకటి. చివరి చుక్క దగ్గర వేలు ఆగలేదు. అన్నీ ఆరిపోయాయి.

వెనక నుంచి ఫక్రుద్దీన్ తొంగి చూశాడు. "జర జరుగు బేటీ, నన్నాడనియ్యి." ఆడి ఓడిపోయాడు. "ఛా! ఇంకొక్కసారి!" చాయ్ చల్లారిపోతోంది, ఆయన లేవడం లేదు.

"ఏమంటవ్ అనసూ?" అంది సనా.

"ఉండనీ. గట్లనే పంపియ్యి."

సనా ముగ్గురి పేర్లూ కొట్టి పంపించింది. అనసూర్య ఫక్రుద్దీన్ చాచాను బతిమాలి కుర్చీ ఖాళీ చేయించుకుని, స్పేస్ బార్ మీద వేలు పెట్టి, మూడో చప్పుడు కోసం కాచుకుని కూర్చుంది.