ఎక్కువొచ్చిన మార్కులు

పెద్దపేగులో గడ్డ తీసేశాక కుట్లు విప్పిన రోజున, నా భార్య తమ్ముడు నవ్వుతూ వార్డులోకి వచ్చాడు. నేను పశువుల బేరాలతో బతికినవాణ్ణి. అడక్కముందే నవ్వుతూ ఎదురొచ్చేవాణ్ణి చూస్తే, వయసు దాస్తున్నాడేమోనని నా చెయ్యి ముందు పశువు పళ్ల మీదికి పోతుంది.

"బావా, నీ రక్తానికి మార్కులు ఎక్కువొచ్చాయట! డాక్టరమ్మే చెప్పింది."

"బళ్లో నీకెప్పుడైనా వచ్చాయిట్రా, ఎక్కువో తక్కువో తెలియడానికి?"

"వెటకారాలొద్దు. ఆ కీమో మందు ఎక్కించుకోవడం వద్దని చెప్పేశాం. ఇంటికి పోదాం."

నా భార్య దుప్పటి మడిచింది. మడిచిందే మళ్లీ మడిచింది.

"నువ్వేం మాట్లాడవేం?"

"మంచిమాటే కదా. దానికీ బేరమాడాలా?"

ఇద్దరూ ఏదో దాస్తున్నారు. పొద్దున డాక్టరమ్మ కూడా కాగితం చూసి, నా మొహం చూడకుండా కుట్లే చూసింది. మంచి కబురున్న మనిషి అలా చూడదు.

బావమరిది టీకి వెళ్లగానే గోడ పట్టుకుని డాక్టరమ్మ గదికి నడిచాను.

"అమ్మా, నా రక్తానికి మార్కులెన్ని?"

"మార్కులేంటి?"

"ఎక్కువొచ్చాయని మావాడు సంబరపడుతున్నాడు."

ఆమె కళ్లజోడు తీసింది. "మార్కులు కాదండీ, మార్కర్. జబ్బు తీరు చెప్పే గుర్తు. తెల్లకణాల్లో రెండు రకాల్ని పోల్చి చూస్తాం. వాపు ఉన్నచోటికి ఎగబడేవి మీకు ఎక్కువున్నాయి, జబ్బుని కనిపెట్టి అడ్డుకునేవి తక్కువున్నాయి. ఆపరేషన్‌కి ముందు అలా ఉన్నవాళ్లకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువ."

"అంటే పోతానా?"

"అదొక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. కానీ పేగు పక్కనున్న గ్రంథుల్లోకి కూడా జబ్బు పాకింది. మందు అందుకే. మీవాళ్లెందుకు వద్దన్నారో నాకు అర్థం కాలేదు."

"మంచి కబురనుకున్నారు."

"మరి మీరు?"

"దాస్తున్నారనుకున్నాను."

బయట బెంచీ మీద ఇద్దరూ సంచులు సర్దుకుని కూర్చున్నారు. వాడి చేతిలో నా చెప్పులు, దుమ్ము తుడిచి. అబద్ధమైతే తిట్టిపోసేవాణ్ణి. ఆ సంతోషాన్ని ఏం చెయ్యాలో తోచలేదు.

"మందుకి రోజు రాయించండి," అన్నాను.

"అన్ని మార్కులొచ్చాక కూడానా బావా?"

"అవి తక్కువ రావాల్సిన మార్కులురా."

వాడి నవ్వు పోవడానికి కాసేపు పట్టింది. నా భార్యకు అంతసేపు పట్టలేదు. ఆమె ఆ నవ్వును మొదట్నుంచీ నమ్మలేదు, అడగడానికే భయపడింది.

"ఎన్నాళ్లు ఎక్కించాలట?"

"అడగలేదు."

"నువ్వు కూర్చో. నేనడుగుతా," అని డాక్టరమ్మ గది తలుపు తట్టింది.