ఎవరూ నొక్కని లింకు

మామయ్య కనబడక మూడు గంటలైంది. వీధి తలుపు దగ్గర ఆయన చెప్పులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కోడలి చూపు మాటిమాటికీ వాటి మీదికే పోతోంది. బస్టాండు, ఆసుపత్రి, పోలీస్ స్టేషను అన్నీ ఆమె, భర్త తిరిగి వచ్చారు.

"చేతికి బిళ్ల ఉందిగా, ఎవరో ఒకరు చూస్తారులే," అన్నాడు భర్త. ఎక్కడో లిఫ్టు బాగుచేస్తూ మధ్యలో వదిలేసి వచ్చాడు, చొక్కా నిండా గ్రీజు మరకలు.

ఆ బిళ్ల ఆమె చేయించిందే. పెళ్లయిన రెండో వారంలో, మామయ్యకు మతిమరుపు ముదురుతోందని తెలిసి, చిన్న స్టీలు బిళ్ల మీద, ఫోన్‌లో కొట్టి నొక్కితే ఇంటి వివరాలు చూపే ఒక పొట్టి లింకు చెక్కించింది. ఫోన్ నంబరు చాలదా అని భర్త అప్పుడే అడిగాడు.

"నంబర్లు మారతాయి మహానుభావా, ఇల్లూ మారతాం. లింకైతే చెక్కింది చెక్కినట్టే ఉంటుంది, లోపలి వివరాలు మనమే మార్చుకోవచ్చు. అసలు లింకు ఎంత పొడుగో చూశావా? అదంతా చెక్కిస్తే మామయ్య చేతికి పళ్లెం కట్టాలి."

మామయ్య పడీపడీ నవ్వాడు. నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన చేతికి దాన్ని వాచీలాగే కట్టుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా చెయ్యి చాపి, "మా కోడలు చేయించింది," అనేవాడు.

లింకును ఎందరు నొక్కారో లెక్క కూడా చూడొచ్చు. ఆ ఆశతోనే ఆమె ఫోన్ తెరిచింది. లెక్క లేదు. లింకే లేదు. ఆరు నెలలుగా ఎవరూ వాడనందున తొలగించామని రెండు ముక్కలు రాసి ఉన్నాయి.

ఆమె మెట్ల మీద కూలబడింది. ఈ ఆరు నెలల్లో మామయ్య ఒక్కసారీ తప్పిపోలేదు. ప్రతి సాయంత్రం చెయ్యి పట్టుకుని నడిపించింది తనే. ఆ మంచి రోజులే లింకును మింగేశాయి.

"ఎవరో నొక్కే ఉంటారు. ఏమీ రాకపోయేసరికి వదిలేసి ఉంటారు. చేతులారా నేనే చేశాను."

"తిట్టుకోవడం తర్వాత. అదే పేరుతో మళ్లీ చెయ్యగలవా?"

పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు పడింది. మూడోసారికి లోపలికి వెళ్లింది. ఆ పేరును ఇంకెవరూ తీసుకోలేదు. తన నంబరు పెట్టింది. "ఈయనకు మతిమరుపు. కోప్పడకండి, కాసిని మంచినీళ్లివ్వండి," అని రాసింది. నొక్కినవారు, సున్నా.

కాసేపటికి సున్నా ఒకటైంది. ఆమె చటుక్కున లేచి నిలబడింది.

"నేనే," అన్నాడు భర్త తల దించుకుని. "పనిచేస్తుందో లేదో చూద్దామని."

"నీకో దండం. ఆ ఫోన్ జేబులో పెట్టు."

మళ్లీ వీధిన పడ్డారు. మామయ్య చెప్పులు భర్త చేతిలో ఉన్నాయి. కనిపించిన ప్రతి దుకాణంలోనూ అడిగారు. ఎవరూ చూడలేదన్నారు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఒకటి ఒకటిగానే ఉంది. ఇంకెవరూ నొక్కరు, లింకు లేనప్పుడే నొక్కి విసిగి వదిలేసి ఉంటారు అని ఆమెకు నమ్మకం కుదిరిపోతున్న సమయంలో అది రెండైంది. ఆమె భర్త చేతుల వంక చూసింది. చేతికొక చెప్పు. ఫోన్ మోగింది.

"బజారు చివర తాళంచెవులు చేస్తుంటానమ్మా," అంది ఒక ఆడగొంతు. "పెద్దాయన రెండు మూడు గంటల నుంచీ నా బల్ల దగ్గరే ఉన్నారు. మొదట చూస్తే ఏమీ రాలేదు. అది ఎక్కడికి తీసుకెళ్తుందో ఏమో, నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయని మా ఆయన గోల. ఈయన వింటేగా. పావుగంటకోసారి చెయ్యి చాపి, మళ్లీ చూడమ్మా, మా కోడలు చేయించింది, పనిచెయ్యకుండా ఎలా ఉంటుంది అని ఒకటే పోరు. పడలేక మళ్లీ నొక్కాను."

కోడలు అప్పటికే బజారు వైపు నడక అందుకుంది.

"అక్కా, మీ దగ్గర చెక్కే పనిముట్టు ఉందా?"

"తాళంచెవుల మీద నంబర్లు వేస్తాగా."

"అయితే మేం వచ్చేలోపు ఆ బిళ్ల వెనక ఒక ఫోన్ నంబరు వెయ్యండి. రాసుకోండి."

మూడో అంకె దగ్గర ఆమె ఫోన్‌ను భర్త చెవికి ఆనించింది. మిగతావి భర్త చెప్పాడు.