ఏమోయ్ అంటే ఇద్దరం లేచేవాళ్ళం

"ఏమోయ్, మంచినీళ్ళు!"

ఆయన హాల్లోంచి ఇలా కేకేస్తే మా ఇంట్లో రెండు ప్రాణాలు లేచేవి. వంటింట్లోంచి నేను, నడవాలోంచి కుక్క. నేను గ్లాసు పట్టుకుని వెళ్ళేసరికి వాడు అప్పటికే సోఫా ముందు తోకాడిస్తూ నిలబడి ఉండేవాడు. తెచ్చుకున్న రోజే ఆయన వాడికి ప్రిన్స్ అని పేరు పెట్టారు. ఫోన్లో ఫొటోల కింద ఆ పేరే రాసేవారు. కానీ తెల్లారిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఇంట్లో గట్టిగా వినపడే మాట 'ఏమోయ్' ఒక్కటే. పిచ్చివెధవ, అదే తన పేరనుకున్నాడు.

"ఇదేం చోద్యమే, మొగుడు పెళ్ళాన్ని పిలిస్తే కుక్క పలుకుతోంది!" అని అత్తగారు నవ్వేవారు. "పేరు పెట్టి పిలవచ్చు కదండీ" అని ఒకసారి నేనంటే, "దాన్నా, నిన్నా?" అన్నారాయన. ఆ మాటకి ఇంటికొచ్చిన ఆయన స్నేహితులు పడీ పడీ నవ్వారు. టీ కప్పులు తీస్తూ నేనూ నవ్వాను. నవ్వకపోతే 'సరసం తెలీదు' అంటారు కదా.

నేను ఆసుపత్రి రిసెప్షన్లో పని చేస్తాను. పొద్దస్తమానం నా పనేమిటంటే, పేర్లు పిలవడం. ఎంత వంకర పేరైనా తడుముకోకుండా, వెనక బెంచీ మీద కునుకు తీస్తున్నవాళ్ళకి కూడా వినపడేలా పిలుస్తాను. డాక్టరుగారు మాత్రం నన్ను "రిసెప్షన్!" అంటారు. "రిసెప్షన్, ఫ్యాన్ వెయ్యి." ఇంటికొస్తే ఏమోయ్. నా పేరు నేనే మర్చిపోతానేమోనని ఒక్కోసారి స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున పైకి అనుకునేదాన్ని.

కుక్కని తేవాలన్నది నా ఆలోచన కాదు. ఆయన ఆఫీసులో అందరూ షెల్టర్ల నుంచి కుక్కల్నీ పిల్లుల్నీ తెచ్చుకుని ఫొటోలు పెడుతున్నారు. "డబ్బులు పోసి కొనుక్కోవడం కాదోయ్, దిక్కులేనిదాన్ని తెచ్చుకోవాలి, అదీ సంస్కారం" అంటూ నన్ను బండెక్కించుకుని తీసుకెళ్ళారు. అక్కడ షెల్టరావిడ అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది. "ఇంట్లో అందరికీ ఇష్టమేనాండీ?" "అందరం ఒప్పుకున్నాకే వచ్చామండీ" అన్నారాయన. నేనూ ఒప్పుకున్నానన్న సంగతి నాకప్పుడే తెలిసింది. నా నెత్తిన ఇంకో చాకిరీ అనుకుంటూ అక్కడి అరుగు మీద కూర్చున్నాను. అంతలో పొడుగు కాళ్ళ వేటకుక్క ఒకటి, పొట్ట వెన్నుకంటుకుపోయినది, మెల్లగా నడిచొచ్చి నా చంకలో మూతి దూర్చింది. పరుగు పందేల్లో వాడుకున్నన్నాళ్ళు వాడుకుని, కాలు దెబ్బతినగానే వదిలేశారట. అప్పుడు మాత్రం నిజంగానే ఒప్పుకున్నాను. అత్తగారికి తోడని ఒక ఒంటికన్ను పిల్లిని కూడా తెచ్చుకున్నాం.

తెచ్చుకోవడం ఆయన వంతు, చేసుకోవడం నా వంతు. పొద్దున్నే నడిపించడం, చెవులు తుడవడం, పిడుదులు ఏరడం, తిండి ఉడకబెట్టడం, మందుబిళ్ళ అందులో దాచి బతిమాలి తినిపించడం, పిల్లి ఇసుక మార్చడం. ఇవన్నీ అయ్యాక ఆసుపత్రికి పరుగు. సాయంత్రం ఎవరైనా వస్తే ఆయన వాడి మెడ చుట్టూ చెయ్యేసి, "చావాల్సిన ప్రాణాన్ని కాపాడుకున్నామండీ" అనేవారు. పోనీలే, చాకిరీలో నన్ను మరిచినా 'కాపాడుకున్నాం'లోనైనా కలుపుకున్నారు కదా అనుకునేదాన్ని.

వయసు మీదపడి వాడి నడుం పట్టుతప్పింది. బయటికెళ్ళేలోపే హాల్లో తివాచీ మీద పోసేసేవాడు. ఎన్నిసార్లు ఉతికినా, "ఇల్లంతా కంపు. ఎవరినన్నా పిలుద్దామంటే తలకొట్టేసినట్టుంది. నువ్వు సరిగ్గా చూసుకుంటే ఇలా ఉంటుందా?" అనేవారు.

ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. వాడు లేడు.

"పొద్దున వెళ్ళేటప్పుడు గేటు గడియ పెట్టావా?" అన్నారాయన.

"పెట్టాననుకుంటానండీ."

"అనుకుంటావు! అనుకుంటే అయిపోతుందా?"

అత్తగారు ఒళ్ళో పిల్లిని నిమురుతూ, "నేను కునుకు తీశానమ్మా, ఏమీ చూడలేదు" అన్నారు, తలెత్తకుండానే.

ఆయన నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని వీధి వీధీ తిప్పారు. "ఏమోయ్! ఏమోయ్!" అని గొంతు బొంగురుపోయేలా తనే పిలిచారు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తుంటే సిగ్గుపడలేదు. మూల మీది దుకాణం దగ్గర బండి ఆపి, "మా ఆవిడ గేటు తీసి వెళ్ళిపోయిందండీ, ముసలి కుక్క, నడవలేదు, కనిపిస్తే కాస్త చెప్పండి" అన్నారు. నాకు సోడా తాగించారు. తప్పయిపోయిందండీ అని నేనేడుస్తుంటే తన రుమాలుతో నా ముఖం తుడిచారు. "ఏడవకు. మనిషన్నాక మర్చిపోవడం సహజం" అన్నారు. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఈయన్ని నేనే అపార్థం చేసుకున్నానేమో అని కూడా అనుకున్నాను. "షెల్టర్‌కి కూడా ఫోన్ చేశాను, అక్కడికీ రాలేదట" అన్నారు. ఆ మాటా నమ్మాను.

ఆ తర్వాత నా మీద నాకే నమ్మకం పోయింది. బస్టాపుదాకా వెళ్ళి వెనక్కొచ్చి గడియ లాగి చూసుకునేదాన్ని. స్టవ్ ఆర్పానా, తలుపు వేశానా, చీటీల మీద పేర్లు సరిగ్గా రాశానా, అన్నీ అనుమానమే. నేను చెప్పులేసుకుంటుంటే చాలు, "గేటు గడియ..." అని లోపలినుంచి ఆయన గుర్తుచేసేవారు. ఒకరోజు ఆసుపత్రిలో ఒకరి పేరు పిలవబోయి ఇంకొకరిని పిలిచాను. "రిసెప్షన్‌కి మతి పోయిందా?" అన్నారు డాక్టరుగారు అందరి ముందూ. పోయిందనే నేనూ అనుకున్నాను.

చివరికి ఇక రాడని మనసుకి చెప్పుకుని, వాడి తిండి, మందులు, దుప్పటి సంచిలో సర్దాను. ఇంకో కుక్కకైనా పనికొస్తాయని సెలవు పెట్టి షెల్టర్‌కి వెళ్ళాను.

నన్ను చూడగానే షెల్టరావిడ ముఖం మాడ్చుకుంది. "ఇప్పుడు తెచ్చారా? ఈ మందులు ఆ రోజే పంపిస్తే వాడికింత బాధ ఉండేది కాదు కదండీ."

"ఎవరికి?"

"ఎవరికేంటండీ, మీ ప్రిన్స్‌కి! మీవారు వదిలి వెళ్ళినప్పట్నుంచీ సరిగ్గా తినడు. పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా కదపడు. చెవుడేమో అనుకున్నాం." నేను నోరు తెరిచేలోపే మళ్ళీ అంది. "ఆయన ఎంత ఏడ్చారో తెలుసా? 'నాకు వీడంటే ప్రాణమండీ, మా ఆవిడకే పడట్లేదు, రోజూ గొడవ' అన్నారు. ఆడవాళ్ళు, మీకే జాలి లేకపోతే ఎలాగండీ?"

దుకాణం దగ్గర మతిమరుపుదాన్ని. ఇక్కడ కనికరం లేనిదాన్ని. రెండుచోట్లా ఆయన మాత్రం మంచివాడే. కుక్కని వదిలేసినందుకు కాదు నా కడుపు మండింది. నాకు చెప్పి వదిలేసుంటే కొట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి చేసేదాన్ని. ఆ రోజు బండి మీద, వాడెక్కడున్నాడో తెలిసీ, వీధులన్నీ మారుమోగేలా పిలిచాడే, అది! ఆ రుమాలు! నా చేత క్షమాపణలు చెప్పించుకుని, నన్ను క్షమించాడు కూడా. నమ్మించి గొంతు కోయడం అంటే ఇదే. నా ముఖం చూసి షెల్టరావిడకి ఏదో అర్థమైంది. నన్ను లోపలికి తీసుకెళ్ళింది.

చివరి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వెన్నుపూసలు బయటికి కనిపిస్తున్నాయి. ఏమని పిలవాలో తోచలేదు. చివరికి ఆ మాటే అన్నాను. "ఏమోయ్."

చెవులు నిక్కబొడుచుకున్నాయి. కాళ్ళు జారిపోతున్నా, నడుం ఒణికిపోతున్నా, పడుతూ లేస్తూ నిలబడ్డాడు. సంతోషంతో లేచాడని షెల్టరావిడ చప్పట్లు కొట్టింది. వాడు నన్ను చూడలేదు. నా పక్కనుంచి గుమ్మంవైపు చూస్తున్నాడు, పిలిచిన మనిషికి ఏం కావాలో అని. జ్వరంతో ఉన్నా నేను లేచేది అచ్చం అలాగే. ఆ మాట అన్నందుకు నా నోరు నేనే నొక్కుకున్నాను. కింద కూర్చుని చెయ్యి చాపాను. వాసన చూశాక అప్పుడు చంకలో మూతి దూర్చాడు.

వచ్చేముందు షెల్టరావిడ, పాపం అడగలేక అడిగింది. "ఇంట్లో అందరికీ ఇష్టమేనాండీ?"

"నాకిష్టం" అన్నాను. ఎవరి పేరు మీద ఇమ్మంటారంది. ఆసుపత్రిలో పిలిచినంత గట్టిగా నా పేరు చెప్పాను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు తలుపు తీశారు. వాడిని చూసి, "అయ్యో, దీన్ని మళ్ళీ ఎందుకు తెచ్చావే? మావాడంత కష్టపడి..." అని నాలిక్కరుచుకున్నారు. ఆ రోజు ఆవిడ కునుకు తీయలేదన్నమాట. ఆవిడ పిల్లిని ఎత్తుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. నడవాలో వాడి దుప్పటి పరిచి, పక్కనే కూర్చున్నాను.

సాయంత్రం అతను వచ్చాడు. షూ విప్పిన చప్పుడు, సోఫాలో కూలబడిన చప్పుడు.

"ఏమోయ్, కాఫీ!"

వాడు ఉలిక్కిపడి ముందుకాళ్ళ మీద లేవబోయాడు. వీపు మీద చెయ్యేసి ఆపాను. "పడుకో నాన్నా, మనల్ని కాదు" అన్నాను.

"ఏమోయ్! నిన్నే!"

ఎవరమూ లేవలేదు. ఆఖరికి అతనే లేచి వచ్చాడు. గుమ్మంలో మా ఇద్దరినీ చూసి ముఖం పాలిపోయింది. అదీ ఒక్క క్షణమే. వెంటనే నోరంతా నవ్వయింది, జేబులోంచి ఫోన్ బయటికొచ్చింది.

"అరె, ప్రిన్స్! దొరికాడా! చెప్పలేదేం? ఎక్కడ దొరికాడోయ్?"

"నువ్వు వదిలిన చోటే" అన్నాను.