లాభం ఎవరి జేబులోది?

పిండి కలుపుతుంటే ఆమె మనసు కుదుటపడేది. ఆ వారం మాత్రం బేకరీలో ఆమె చేతికి కుదురు లేదు. ఒకే ముద్దలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఒక ట్రే రొట్టెలు మాడబెట్టింది.

అంతా మరిది చెప్పిన మాటతో మొదలైంది. ఆమె పొదుపును షేర్లలో పెట్టేది అతనే. "నీ పంట పండింది వదినా! ఆ ఫోన్ ఆటల కంపెనీ షేరు రెట్టింపైంది. రెండో ఓవెన్ కొనేసుకో" అన్నాడు. ఏ ఆటలని అడిగితే పేరు చెప్పాడు.

ఆ పందాల ఆటలోనే ఆమె తమ్ముడు ఉద్యోగాన్నీ పెళ్లినీ పోగొట్టుకున్నాడు. ఇప్పుడు బటన్ల ఫోన్ పెట్టుకుని, అక్క బేకరీలో ట్రేలు కడుగుతూ రోజులు నెట్టుకొస్తున్నాడు.

ఆ షేర్లు అమ్మేస్తానంటే, "నువ్వు అమ్మితే ఇంకొకడు కొంటాడు. ఆటేం ఆగిపోదు" అన్నాడు భర్త. "ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకుంటావా?"

"నా తమ్ముడు పోగొట్టుకున్నదాంట్లో మన వాటా ఎంతో తేల్చి చెప్పు. అప్పుడు ఉంచుకుంటా."

"నీతో వేగలేనే" అని అతను పేపర్లో తల దూర్చాడు.

అతని మాటా కొట్టిపారేసేది కాదు. ఓవెన్ వస్తే తమ్ముడికి మంచి జీతం ఇవ్వొచ్చు. వాడి కోసమే కదా అని ఒక పూట సర్దిచెప్పుకునేది, మరో పూటకి ఛీ అనుకునేది. చివరికి ఉండబట్టలేక, మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు తమ్ముడికి చెప్పేసింది.

వాడు మండిపడతాడనుకుంది. నవ్వాడు. "పోన్లే, ఇంట్లో ఒకళ్లమైనా గెలిచాం." తర్వాత తడిచేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఎంత పెరిగిందక్కా? ఇప్పుడే అమ్మెయ్యకు. క్రికెట్ మ్యాచ్‌లు మొదలైతే జనం పందాలకు ఎగబడతారు. రోజూ నాకు రేటు చెప్తూ ఉండు, ఎప్పుడు అమ్మాలో నే చెప్తా."

వాడి కళ్లు మెరుస్తున్నాయి. పీకల్దాకా మునిగిన రోజుల్లో "ఈ ఒక్కసారికి" అని చెయ్యి చాచినప్పుడూ అవి ఇలాగే మెరిసేవి.

ఆమె వెనక గదిలోకి వెళ్లి మరిదికి ఫోన్ చేసింది. "అమ్మెయ్."

"ఒక్క నెల ఆగు వదినా..."

"సలహా అడగలేదు బాబూ. అమ్మమంటున్నా."

మర్నాడు తమ్ముడు పనికి రాలేదు. ఆమె వాడి గదికి వెళ్లి తలుపు తట్టింది. గడ్డం మాసి, కళ్లు ఎర్రబడి ఉన్నాడు. "నా దగ్గర ఇంకెప్పుడూ రేట్ల మాటెత్తకక్కా. నిన్నట్నుంచి బుర్రలో లెక్కలు ఆగట్లేదు."

"నాదే తప్పురా. అమ్మేశాను. పద, పిండి పొంగిపోతుంటుంది."

వాడు చొక్కా తగిలించుకుని వెంట నడిచాడు.

షేరు ఆ తర్వాత ఇంకా పెరిగింది. భర్త కొన్నాళ్లు అన్నం దగ్గర రేటు పైకి చదివి వినిపించేవాడు. వచ్చిన లాభాన్ని ఆమె ముట్టుకోలేకపోయింది, తమ్ముడి చేతికివ్వడానికీ భయపడింది. డబ్బుల్లేక వాడు వెళ్లడం మానేసిన మానసిక వైద్యురాలికి ఏడాది ఫీజు ముందే కట్టేసింది. ఆ సంగతి తెలిశాక భర్త రేట్లు చదవడం మానేశాడు.

అయినా ఆమెకు స్థిమితం చిక్కలేదు. తన డబ్బున్న మిగతా కంపెనీలు ఏమేం చేస్తాయో ఒక్కొక్కటిగా చెప్పమని మరిదిని కూర్చోబెట్టింది.

"వంకాయలు ఏరినట్టు ఏరితే సంచిలో ఏం మిగలదు వదినా!"

"మిగిలినవే వండుకుంటాలే. చదువు."

మరిది నిట్టూర్చి చదవసాగాడు. మూడో పేరు దగ్గరే ఆమె ఆపింది. "ఆగు. దీని లాభం ఎవరి జేబులోంచి వస్తుంది?"